మట్టి కోసం దేశాల ఒప్పందాలు: మన చేలకు ఏం చేరింది, సంతకానికి ముందు ఏం అడగాలి?

ఎర్రనేల_రైతు | కళ్యాణదుర్గం వైపు, అనంతపురం జిల్లా

అందరికీ నమస్కారం. ఈమధ్య మా ఊరికి ఒక కంపెనీ మనుషులు వచ్చారు. దున్నకం తగ్గించి, చెత్త కాల్చకుండా, ఏడాది పొడవునా చేలో ఏదో ఒక పచ్చదనం ఉంచితే మట్టిలో కార్బన్ పెరుగుతుందట. దాన్ని లెక్కగట్టి విదేశీ కంపెనీలకు అమ్మి, వచ్చినదాంట్లో మాకు వాటా ఇస్తారట. ఒప్పంద పత్రం ఇంగ్లీషులో ఉంది. గడువు చాలా ఏళ్లు. మా వీధిలో కొందరు అప్పుడే సంతకం పెట్టేశారు. నేను టైం అడిగాను.

మాది వాలు మీదున్న ఎర్రనేల. వేరుశనగ, మధ్యలో కంది సాళ్లు. ఒక్క పెద్ద వాన పడితే పైమట్టి అంతా వంకలోకి పోతోంది. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని పాత గట్లు చాలామంది తీసేశారు. పేపర్లు చూస్తే నేల కోసం ఐక్యరాజ్యసమితి ఒప్పందం, జర్మనీ రుణం, ప్యారిస్ ప్రకటన అని వస్తుంటాయి. ఇన్నేళ్లలో ఈ సహకారం వల్ల మనలాంటి మెట్ట చేలకు నిజంగా ఏం ఒరిగింది? ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు ఏమేం అడగాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

విశ్రాంత_ఏడీఏ | హైదరాబాద్

ఎర్రనేల గారూ, వ్యవసాయ శాఖలో నా ఉద్యోగమంతా మెట్ట మండలాల్లోనే గడిచింది కాబట్టి ముందు పాత సంగతి చెబుతాను. మెట్ట సేద్యానికి విదేశీ సాయం కొత్తేమీ కాదు. 1970లో భారత వ్యవసాయ పరిశోధన మండలి మెట్ట సాగు మీద అఖిల భారత సమన్వయ పథకం మొదలుపెట్టినప్పుడు కెనడా ప్రభుత్వం చేయి కలిపింది. దాని కేంద్ర కార్యాలయం హైదరాబాదే. మీ అనంతపురం పరిశోధన కేంద్రం కూడా ఆ పథకంలోదే. వాలుకు అడ్డంగా దున్నడం, కొన్ని సాళ్లకు ఒక లోతైన కాలువ లాంటి సాలు వదలడం, వేరుశనగలో కంది కలపడం లాంటి సలహాలను శాస్త్రీయంగా పరీక్షించి చెప్పింది ఇలాంటి కేంద్రాలే.

1972లో పటాన్‌చెరులో మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. అక్కడ నల్లరేగడిలో 1976 నుంచి ఒక ప్రయోగం ఆపకుండా నడిపారు. ఒకవైపు మన పాత పద్ధతి: వానాకాలమంతా నేల ఖాళీగా వదిలి, యాసంగిలో జొన్న లేదా శనగ వేయడం. రెండోవైపు వెడల్పు బోదెలు, వాటి మధ్య కాలువలు తీసి, ఎరువు కూడా వేసి, వానాకాలంలోనే అంతరపంటలు వేయడం. మూడు దశాబ్దాల సగటు చూస్తే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా సుమారు 1 టన్ను గింజ, కొత్త పద్ధతిలో 5 టన్నులు వచ్చింది. వాన దెబ్బ నేరుగా నేలకు తగలకుండా పైరు కాసింది, నీళ్లు కాలువల్లో నిదానంగా పోయాయి. అందుకే మట్టి కోత కూడా బాగా తగ్గింది.

ఇక్కడ ఒక మాట గమనించాలి. అంత మంచి ఫలితం కళ్లముందు ఉన్నా వెడల్పు బోదెలు అనుకున్నంతగా రైతుల చేలకు పాకలేదు. ఎద్దులతో లాగే ట్రాపికల్టర్ అనే పనిముట్టు కావాలి, అది ఖరీదు. ఒక్క రైతు తన చేలో కాలువ తీస్తే నీళ్లు పక్కవాడి చేలో పడతాయి. అంటే ఊరంతా కలవాలి. పరిశోధన క్షేత్రంలో గట్టు తగాదాలు ఉండవు, ఊళ్లో ఉంటాయి.

నల్లరేగడి | కోయిలకుంట్ల, నంద్యాల జిల్లా

ఏడీఏ గారు చెప్పిన ప్రయోగంలో ఎరువు వాడారు అన్న ముక్కను అందరూ గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు ఏ విదేశీ ప్రాజెక్టు వచ్చినా మట్టిని కాపాడటం అంటే యూరియా మానేయడమే అన్నట్టు మాట్లాడుతున్నారు. మట్టి కొట్టుకుపోవడం వేరు, మట్టిలో పోషకం లేకపోవడం వేరు. రెంటినీ ఒకే మందుతో నయం చేస్తామంటే నేను నమ్మను.

శ్రీలంకలో 2021లో ఒక్కసారిగా రసాయన ఎరువుల దిగుమతి ఆపారు. ఆ నవంబరుకే వెనక్కి తగ్గారు. వరి దిగుబడి పడిపోయి బియ్యం దిగుమతి చేసుకున్నారు. పై నుంచి ఉత్తర్వు ఇస్తే రైతు ఏమవుతాడో అదే చూపించింది.

మహిళాసంఘం_మన్యం | పార్వతీపురం మన్యం జిల్లా

నల్లరేగడి అన్నా, శ్రీలంక సంగతి మాకూ చెప్పారు. కానీ మన దగ్గర జరిగేది అలా కాదండి. నేను ప్రకృతి వ్యవసాయంలో ఊరి స్థాయి కార్యకర్తగా పనిచేస్తున్నాను. ఎవరినీ ఒక్క ఏడాదిలో మొత్తం మానేయమని చెప్పం. ముందు అరెకరం, ఆ తర్వాత వాళ్ల ఇష్టం. ఈ పని నడిపే ప్రభుత్వ సంస్థ, రైతు సాధికార సంస్థను 2014లో పెట్టారు. మా సంఘాల అక్కాచెల్లెళ్ల ద్వారానే పని నడుస్తోంది. ఈ పనికి జర్మనీ ప్రభుత్వ బ్యాంకు కేఎఫ్‌డబ్ల్యూ ఇచ్చింది రుణం. అది ప్రభుత్వం తీర్చాల్సింది, రైతు నెత్తిన పడదు. ఊళ్లో ఇది చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను.

ఎర్రనేల అన్నా, మీ అనంతపురం వాళ్లే మాకు నేర్పిన పని ఒకటుంది. తొలకరికి ముందే, ఎండాకాలంలోనే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లడం. పీఎండీఎస్ అంటాం. కొర్ర, సజ్జ, జొన్న, అలసంద, పెసర, ఉలవ, జనుము, ఆముదం, కూరగాయ విత్తనాలు, ఆకుకూరలు ఏవి దొరికితే అవి పదిహేను రకాలకు తగ్గకుండా కలుపుతాం. ఆవు పేడ, మూత్రంతో చేసే బీజామృతం విత్తనానికి పట్టించి, బంకమట్టి, బూడిద పొరలుగా అద్ది గుళికలు చేస్తాం. పేడతో చేసే ఎండు ఎరువు ఘనజీవామృతం వేసి చల్లి, పైన గడ్డి, చెత్త కప్పుతాం. చిన్న వాన పడినా మొలుస్తాయి. జూన్‌లో పెద్ద వాన వచ్చేసరికి నేల కప్పి ఉంటుంది. వాన చినుకు మట్టిని కొట్టదు. ఆ పైరులో కొంత పశువుల మేతకు, కొంత కూరకు పోయినా, మిగిలింది నేలలోనే కలిపేసి అసలు పంట వేస్తాం.

2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ సంస్థ ఇచ్చే మానవతా పురస్కారం మన ఆంధ్ర ప్రకృతి వ్యవసాయానికి వచ్చింది. నేల శాస్త్రవేత్త రతన్ లాల్ గారికి, ఈజిప్టులో ఎడారి నేల బాగుచేసిన సెకెం సంస్థకు, మనకు కలిపి పది లక్షల యూరోలు. న్యాయనిర్ణేతలకు అధ్యక్షురాలు జర్మనీ మాజీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్. మా సంఘం మీటింగులో ఆ వార్త చదివి వినిపించిన రోజు అందరి ముఖాలూ వెలిగిపోయాయి.

నల్లరేగడి

సంతోషం అక్కా, ఆ పని గొప్పదే. నేల కప్పి ఉంచడం గురించి నాకు వాదన లేదు. నా వాదన వేరు. మా పక్క ముంగారి వాన నమ్మకం లేదు. పొడి దుక్కిలో వేసిన విత్తనం మొలిచి, ఇరవై రోజులు వాన లేక ఎండిపోతే రెండోసారి విత్తనం ఎవరు ఇస్తారు? ఘనజీవామృతానికి పేడ ఎక్కడిది? మా ఊళ్లో ఎద్దులున్న ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కూలి మాటేమిటి?

మహిళాసంఘం_మన్యం

మీరు అడిగినవన్నీ నిజమైన ఇబ్బందులేనండి. పేడ కొరత మాకూ ఉంది. కొన్ని ఊళ్లలో ఆవులున్నవాళ్లే తయారుచేసి అమ్ముతున్నారు. అది ఒక ఆడమనిషికి బతుకుదెరువు కూడా అవుతోంది. విత్తనం మటుకు పోయిన ఏడు పంటలో నుంచి సంఘంలోనే దాచుకుంటాం. దాచుకోని ఊళ్లో ఈ పని ఆగిపోతుంది, అది నేను కళ్లారా చూశాను. మొలిచి ఎండిపోవడం తక్కువ, ఎందుకంటే గుళిక మీది మట్టిపొర చాలినంత తడి తగిలితేనే కరుగుతుంది. అయినా అస్సలు ఎండదని నేను చెప్పను.

సదోరే_జ్ఞాపకాలు | ఒకప్పుడు నైజర్, ఇప్పుడు వరంగల్

నేను చాలాకాలం నైజర్‌లో పనిచేశాను. రాజధాని నియామే దగ్గర సదోరే అనే చోట ఇక్రిశాట్ సహారా దిగువ ప్రాంతాల కేంద్రం ఉంది. పటాన్‌చెరుకీ దానికీ రాకపోకలు ఎక్కువ, కాబట్టి మన తెలుగువాళ్లు అక్కడ కనబడేవారు. అక్కడి అనుభవం మీ ప్రశ్నకు బాగా పనికొస్తుంది.

నైజర్ అంతా ఇసుక నేలలు, సజ్జ పంట. 1970ల కరువుల తర్వాత విదేశీ డబ్బుతో చెట్లు నాటించే పథకాలు చాలా నడిచాయి. నాటిన మొక్కల్లో ఎక్కువ భాగం చచ్చిపోయేవి. మరాది ప్రాంతంలో పనిచేస్తున్న ఆస్ట్రేలియా దేశస్థుడు టోనీ రినాడో 1980ల మొదట్లో ఒక సంగతి గమనించాడు. చేలల్లో పొదలని అందరూ నరికేస్తున్నవి నిజానికి పాత చెట్ల మొదళ్ల నుంచి వస్తున్న చిగుళ్లు. నేల కింద వేరు బతికే ఉంది. ఒక్కో మొదలుకు మంచి కొమ్మలు కొన్ని ఉంచి మిగతావి కత్తిరిస్తే నాలుగైదేళ్లలో చెట్టు తయారు. నర్సరీ అక్కర్లేదు, నీళ్లు పోసే పని లేదు. ఆకు రాలి నేలకు బలం, గాలికి ఇసుక ఎగరడం తగ్గింది. ఇప్పుడు నైజర్‌లో దాదాపు 50 లక్షల హెక్టార్లలో అలా చెట్లు నిలిచాయని లెక్క.

కానీ అసలు మలుపు కత్తిరింపులో లేదు. అంతకుముందు చట్టం ప్రకారం చేలోని చెట్టు ప్రభుత్వానిది. రైతు కొమ్మ నరికినా జరిమానా. అలాంటప్పుడు చిగురును ఎవడు కాపాడతాడు? అటవీ అధికారులు ఆ పట్టు సడలించి, నీ చేలో చెట్టు నీదే అన్నాక ఊళ్లకు ఊళ్లు ముందుకొచ్చాయి.

పక్కనే బుర్కినా ఫాసోలో యాకూబా సవడోగో అనే రైతు ఉండేవాడు. గట్టిపడిపోయిన బంజరులో ఎండాకాలం గుంటలు తవ్వి, గుంటకు ఇంత పేడ వేసి వదిలేవాడు. జై గుంటలు అంటారు. పేడకు చెదలు వచ్చి నేలను తొలిచి గుల్ల చేసేవి, వాన వస్తే నీళ్లు లోపలికి దిగేవి. అందులో జొన్న, సజ్జ గింజలు పెట్టేవాడు. చుట్టుపక్కలవాళ్లు పిచ్చి అన్నారు. 2018లో స్వీడన్‌లో ఇచ్చే రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం టోనీ రినాడోతో పాటు ఆయనకూ వచ్చింది. 2023 డిసెంబరులో చనిపోయాడు. ఆ మనిషి బడి చదువు చదివింది లేదు. శాస్త్రవేత్తలే ఆయన దగ్గరికి వెళ్లి నేర్చుకున్నారు.

నల్లరేగడి గారూ, మీ ఎరువు మాటకు కూడా అక్కడ జవాబుంది. ఎకరమంతా చల్లడం మాని, గింజ పెట్టే గుంటలో సీసా మూతెడు ఎరువు, ఆరు గ్రాములో ఇంకా తక్కువో వేయించాం. పేద రైతు కొనగలిగినంతే. పేడ, చెట్టు ఆకు, మూతెడు ఎరువు, మూడూ కలిసినచోట సజ్జ బాగా నిలబడింది.

విశ్రాంత_ఏడీఏ

సదోరే గారూ, మనసు నిండింది. సహారా ఎడారి అంచు వెంట నేలను పచ్చగా మార్చాలని ఆఫ్రికా దేశాల సంఘం 2007లో మొదలుపెట్టిన మహా హరిత కుడ్యం సంగతీ రెండు ముక్కలు చెబుతారా? అక్కడికి డబ్బు బాగా ప్రకటించారు కదా.

సదోరే_జ్ఞాపకాలు

ప్రకటించారు. 2021 జనవరిలో ప్యారిస్ వేదికగా జరిగిన సదస్సులో 1,400 కోట్ల డాలర్లకు పైగా ఇస్తామన్నారు. లక్ష్యం 2030 నాటికి 10 కోట్ల హెక్టార్లు. 2020లో ఐక్యరాజ్యసమితి నివేదిక చూస్తే ప్రధాన పట్టీలో బాగుపడింది 40 లక్షల హెక్టార్లే. బయటి ప్రాంతాలు కూడా కలిపితే అంకె పెద్దదవుతుంది, కానీ దూరం చాలా ఉంది. గోడలా చెట్లు నాటాలన్న పాత ఊహను పక్కనపెట్టి, ఊరి రైతు చేలో చిగుళ్లు కాపాడే పద్ధతి వైపు మళ్లిన చోటే పని కదిలింది. ప్రకటించిన డబ్బు ఊరి దాకా ఎంత వచ్చిందన్నదే నాకు ముఖ్యం.

కొలంబస్_కుర్రాడు | ఒహాయో, అమెరికా

అన్నలకు, అక్కలకు నమస్కారం. నేను ఇక్కడ నేల శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. మాది ప్రకాశం జిల్లా. ఎర్రనేల అన్న అడిగిన కార్బన్ కాగితం గురించి చెబుతాను.

దీని వెనక ఆలోచన మంచిదే. 2015లో ప్యారిస్ వాతావరణ సదస్సులో ఫ్రాన్స్ 'వెయ్యికి నాలుగు' అని ఒక ప్రయత్నం మొదలుపెట్టింది. ప్రపంచ నేలల్లో సేంద్రియ కార్బన్‌ను ఏటా 0.4 శాతం పెంచగలిగితే గాలిలోకి చేరే కార్బన్ డయాక్సైడ్ పెరుగుదలను చాలావరకు అడ్డుకోవచ్చు అన్నది లెక్క. 2020లో ప్రపంచ ఆహార బహుమతి పొందిన రతన్ లాల్ గారు దశాబ్దాలుగా చెబుతున్నది కూడా నేలలో కార్బన్ పెరిగితే ముందు బాగుపడేది రైతే అని.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. మీ చేలో సేంద్రియ కార్బన్ 0.40 శాతం ఉందనుకోండి. కష్టపడి 0.50 చేశారు. హెక్టారు నేలలో 30 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి బరువు సుమారు 4,200 టన్నులు. అందులో 0.1 శాతం అంటే 4.2 టన్నుల కార్బన్. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌గా మారిస్తే 3.67తో గుణించాలి. 15.4 టన్నులు వస్తుంది. ఎకరానికి 6 టన్నుల పైచిలుకు. టన్నుకు ఒక క్రెడిట్, అంటే కంపెనీలు కొనుక్కునే ఒక యూనిట్. క్రెడిట్ ధర 10 డాలర్లు అనుకుంటే ఎకరానికి 60 డాలర్లు. ఈ పెరుగుదల ఒక్క ఏడాదిలో రాదు. మన వేడి నేలల్లో, తక్కువ వానల్లో ఐదేళ్లలో వచ్చినా అదృష్టమే. అంటే ఏడాదికి ఎకరానికి 12 డాలర్లు. అందులో కొలతల ఖర్చు, నమోదు ఖర్చు, కంపెనీ వాటా పోవాలి. గులకరాళ్లు ఎక్కువున్న ఎర్రనేలలో అసలు మట్టి బరువే తక్కువ, కాబట్టి ఇంకా తగ్గుతుంది.

అందుకని అన్నా, ఆ డబ్బు చూసి సంతకం పెట్టొద్దు. నేల కప్పి ఉంచడం, గట్టు వేయడం మీ మట్టి కోసం చేయండి. క్రెడిట్ డబ్బు వస్తే రానివ్వండి.

ఎర్రనేల_రైతు

తమ్ముడూ, ఇంత విడమరిచి చెప్పినందుకు చాలా థ్యాంక్స్. వచ్చినవాళ్లు ఎకరానికి ఎంత వస్తుందని చెప్పారో ఆ అంకె ఇక్కడ రాయను గానీ, నీ లెక్కకూ దానికీ పొంతన లేదు.

ల్యాబ్_లో_నేను | తిరుపతి

భూసార పరీక్ష ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొలత గురించి ఒక మాట కలుపుతాను. 0.40, 0.50 అన్న తేడా కాగితం మీద చిన్నది. కొలతలో ఇంకా గందరగోళం. మన ల్యాబులు ఎక్కువగా వాడేది వాక్లీ బ్లాక్ పద్ధతి. అది మట్టిలోని మొత్తం సేంద్రియ కార్బన్‌ను పట్టుకోదు, మూడొంతులకు కాస్త పైనే పట్టుకుంటుంది. మిగతాది గుణకంతో సరిచేస్తారు. విదేశీ ల్యాబులు మట్టిని కాల్చి యంత్రంలో కొలుస్తాయి. మొదటి కొలత ఒక పద్ధతిలో, ఐదేళ్ల తర్వాత కొలత ఇంకో పద్ధతిలో జరిగితే నేల మారకపోయినా అంకె మారుతుంది.

దేశాల సహకారంలో పేపర్లో రాని పని ఇక్కడ జరుగుతోంది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ నేల భాగస్వామ్యం అని పెట్టింది. దాని కింద 2017లో ప్రపంచ భూసార ల్యాబుల నెట్‌వర్క్ వచ్చింది. ఒకే మట్టి నమూనాను వేర్వేరు దేశాల ల్యాబులకు పంపి, ఎవరికి ఎంత వచ్చిందో పోల్చి, తేడా ఎక్కడుందో సరిచేస్తారు. ఒకే పద్ధతి పుస్తకం అందరికీ ఇస్తారు. ఈ పని లేకపోతే వెయ్యికి నాలుగు అన్నా, వందకు పది అన్నా ఎవరూ నిరూపించలేరు.

2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో 12 అంశాలు ఉంటాయి. సేంద్రియ కార్బన్ 0.5 లోపు ఉంటే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మెట్ట చేల కార్డుల్లో తక్కువ అన్న మాటే నాకు రోజూ కనబడుతుంది.

వాటర్‌షెడ్_మాజీ | మహబూబ్‌నగర్

ఇప్పటిదాకా ఎవరూ చెప్పని విషయం నేను చెబుతాను. విదేశీ డబ్బుతో నడిచిన పరీవాహక (వాటర్‌షెడ్) ప్రాజెక్టులో ఊళ్లల్లో తిరిగి పనిచేసినవాణ్ని. 1999 నుంచి బ్రిటన్ ప్రభుత్వ విదేశీ సాయ శాఖ డీఎఫ్‌ఐడీ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో గ్రామీణ జీవనోపాధి ప్రాజెక్టు నడిచింది. అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం జిల్లాలు. కందకాలు, రాతికట్టలు, చెక్‌డ్యాములు, సేద్యపు కుంటలు కట్టాం. భూమి లేని ఇళ్లకు కూడా ఏదో ఒక ఆదాయం చూపాలన్నది ఆ ప్రాజెక్టు తెచ్చిన మంచి ఆలోచన. అంతకుముందు పరీవాహక పనుల లాభం వాలు కింద భూమి, బావి ఉన్నవాడికే పోయేది.

ప్రాజెక్టు ముగిసిందంటే కార్యాలయం తలుపు మూసినట్టే. అదే డీఎఫ్‌ఐడీ మన దేశానికి నేరుగా ఇచ్చే గ్రాంట్లు 2015 నాటికి ఆపేసింది, 2020లో ఆ శాఖనే విలీనం చేశారు. అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ 2025లో మూతపడింది. వాళ్ల దేశంలో ప్రభుత్వం మారితే మన ఊరి కందకానికి దిక్కుండదు. ఇందులో వాళ్లను తిట్టాల్సిన పని లేదు, ముందే తెలుసుకుని మన ఏర్పాటు మనం చేసుకోవాలి.

పూడిక నిండిన చెక్‌డ్యాముకు ఎవరు పూడిక తీస్తారు? తెగిన గట్టు ఎవరు వేస్తారు? ఈ ప్రశ్నకు జవాబు ఉన్న ఊళ్లలోనే పనులు నిలిచాయి. సి.హెచ్. హనుమంతరావు గారి కమిటీ 1994లో ఇచ్చిన సిఫార్సుల తర్వాత వచ్చిన మార్గదర్శకాల్లో రైతులు తమ వాటా డబ్బు ఒక నిధిలో వేసి, ప్రాజెక్టు అయ్యాక మరమ్మతుకు వాడుకోవాలని పెట్టారు. కాగితం మీద చాలా మంచి ఏర్పాటు. నేను చూసిన చాలా ఊళ్లలో ఆ నిధి బ్యాంకులోనే ఉండిపోయింది. తీయడానికి ఎవరి సంతకం కావాలో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఊరికి డబ్బు మీద అధికారం ఇవ్వకుండా బాధ్యత మాత్రం ఇస్తే ఇలాగే అవుతుంది.

విశ్రాంత_ఏడీఏ

దీనికి నిలిచిన ఉదాహరణ ఒకటి చెప్పాలి. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలం కొత్తపల్లి. 1999లో ఇక్రిశాట్, ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో, మన శాఖలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఆదర్శ వాటర్‌షెడ్ అని మొదలుపెట్టారు. 465 హెక్టార్లు. అప్పటికి ఊళ్లో 62 బావుల్లో చాలావరకు ఎండిపోయి ఉన్నాయి. అక్కడ చేసినవి పెద్ద కట్టడాలు కావు. చిన్న చెక్‌డ్యాములు, రాతి వలకట్టలు, గట్ల మీద గ్లిరిసిడియా మొక్కలు, నల్లరేగడిలో వెడల్పు బోదెలు, ఆడవాళ్ల సంఘాలతో వానపాముల ఎరువు. గ్లిరిసిడియా కొమ్మలు కోసి చేలో వేస్తే నత్రజని వస్తుంది, వేరు గట్టును పట్టుకుంటుంది. బావుల్లో నీరు పెరిగింది, మొక్కజొన్న దిగుబడి రెట్టింపు దాటింది.

ఆ ఊరికి చైనా, వియత్నాం, థాయ్‌లాండ్ పరిశోధకులతో రాకపోకలు ఉండేవి. ఒకే ప్రాజెక్టు కింద ఆ దేశాల్లోనూ ఇలాంటి ఊళ్లు తీసుకున్నారు. ఒక దేశంలో నేర్చుకున్నది ఇంకో దేశంలో వాడి చూశారు. నా దృష్టిలో అంతర్జాతీయ సహకారం అంటే ఇది. రుణం అంకె కన్నా ఇదే విలువైనది.

అయినా కొత్తపల్లి ఒకటే ఎందుకు అని మీరు అడగొచ్చు. అంత మంది శాస్త్రవేత్తల రాకపోకలు అన్ని ఊళ్లకూ ఉండవు. అది ఒప్పుకుని మాట్లాడాలి.

నల్లరేగడి

గ్లిరిసిడియా మాట నేను కూడా ఒప్పుకుంటాను. మా గట్ల మీద వేసి చూస్తాను. మేకలు తినవా?

విశ్రాంత_ఏడీఏ

తింటాయి. మొదటి ఏడాది కాపాడుకోవాలి. వానాకాలం మొదట్లో ముదురు కొమ్మ ముక్కలు గట్టు మీద గుచ్చినా బతుకుతాయి.

కౌలురైతు_నల్లగొండ

నాకు సొంత భూమి లేదు. కౌలుకు చేస్తున్నా. గట్టు వేయమంటారు, చెట్టు కాపాడమంటారు. వచ్చే ఏడు ఆ చేను నాకు ఇస్తారో లేదో తెలియదు. నేను గట్టు వేస్తే ఫలితం ఎవరికి? సదోరే సార్ చెప్పిన నైజర్ చెట్టు కథ నా కథే.

సదోరే_జ్ఞాపకాలు

తమ్ముడూ, నువ్వు అన్నది నూటికి నూరు పాళ్లు నిజం. మట్టి బాగుపడటానికి ఐదేళ్లు పడుతుంది, కౌలు ఏడాదికి. ఆంధ్రలో 2019 చట్టం కింద ఇచ్చే సాగు హక్కు కార్డు కూడా 11 నెలలకే. ఐక్యరాజ్యసమితి ఎడారీకరణ ఒప్పందం 1994లో కుదిరింది. దాని 14వ సదస్సు 2019 సెప్టెంబరులో మన గ్రేటర్ నోయిడాలోనే జరిగింది. 2030 నాటికి 2 కోట్ల 60 లక్షల హెక్టార్ల నేల బాగుచేస్తామని అక్కడ మన దేశం మాటిచ్చింది. ఆ సదస్సులోనే భూమి హక్కుల గురించి కూడా తీర్మానం చేశారు. అంటే ప్రపంచ దేశాలు కూడా ఈ సంగతి గుర్తించాయి. ఆ మాట మీ ఊరి కౌలు పత్రం దాకా రావాలి. భూయజమానితో కనీసం మూడేళ్లకు నోటితోనైనా మాట్లాడుకుని, గట్టు ఖర్చులో సగం ఆయన పెట్టుకునేలా ఒప్పించగలిగినవాళ్లను వరంగల్ దగ్గర ఇద్దరు ముగ్గురిని చూశాను. ఉపాధి హామీలో గట్ల పని ఆయన పేరు మీద వస్తుందేమో అడిగించి చూడు. వస్తే ఆ పనిలో నీకు కూలి కూడా దొరకొచ్చు.

వాటర్‌షెడ్_మాజీ

కార్బన్ కాగితాల్లో కూడా కౌలురైతుకు ఇదే గతి. సంతకం పట్టా ఉన్నవాడిది, పని కౌలుదారుది. ఎర్రనేల అన్నా, మీ ఊళ్లో కౌలువాళ్లు ఉంటే ముందు వాళ్ల వాటా తేల్చండి.

కొలంబస్_కుర్రాడు

అన్నా, కాగితం తెలుగులో ఇమ్మనండి. మొదటి మట్టి నమూనా మీ ముందే తీసి, ఫలితం కాపీ మీకు ఇవ్వాలి. క్రెడిట్ ఏ ధరకు అమ్మారో మీకు చూపించే షరతు ఉందో లేదో చూడండి. మధ్యలో మీరు చేను అమ్మినా, పిల్లలకు పంచినా, ఒక ఏడాది లోతు దుక్కి చేయాల్సి వచ్చినా ఏమవుతుందో అడగండి. ఇచ్చిన డబ్బు తిరిగి కట్టమనే షరతు ఎక్కడైనా ఉంటే ఆగండి. కేంద్ర వ్యవసాయ శాఖ 2024 జనవరిలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్ కోసం ఒక విధాన పత్రం విడుదల చేసింది. మీ మండల వ్యవసాయ అధికారిని ఆ పత్రం ముందు పెట్టి ఈ ఒప్పందం చదవమని అడగండి.

మహిళాసంఘం_మన్యం

సంతకం ఒక్కొక్కరు విడివిడిగా పెట్టకండి అన్నా. ఊరంతా ఒక సంఘంగా కూర్చుని అడిగితే వాళ్లు చెప్పే మాట తీరే మారుతుంది. ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టండి. చెత్త కప్పేది, పేడ మోసేది వాళ్లే.

ఎర్రనేల_రైతు

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఈ ఆదివారం రచ్చబండ దగ్గర కూర్చుంటున్నాం. సంతకం పెట్టినవాళ్లను కూడా రమ్మన్నాను. కార్బన్ సంగతి తేలినా తేలకపోయినా ఈ వానలకు ముందే మా వంక పక్కనున్న చేలన్నిటికీ కలిపి వాలుకు అడ్డంగా గట్లు వేయాలని నలుగురం అనుకున్నాం. పై చేను నీళ్లు కింది చేనుకు తెగకుండా ఎక్కడ నుంచి వదలాలన్నదే తగాదా.

ల్యాబ్ గారూ, నా వరకు ఒక మట్టి నమూనా ఇప్పుడే తీసి పెట్టుకుందామని ఉంది. ఎలా తీయాలి?

ల్యాబ్_లో_నేను

గట్టు పక్కన, చెట్టు కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకండి. చేనంతా తిరుగుతూ ఎనిమిది పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తవ్వి, పక్క అంచు నుంచి పైనుంచి కింది దాకా ఒకే మందంలో మట్టి తీయండి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు భాగాలు పారేస్తూ అరకిలో మిగిలేదాకా తగ్గించండి. నీడన ఆరబెట్టండి, ఎండలో వద్దు. కార్బన్ కోసమైతే 15 నుంచి 30 సెంటీమీటర్ల పొర వేరే సంచిలో తీయండి, రెండూ కలపకండి. వాలు పైభాగం ఒక నమూనా, కిందిభాగం ఒక నమూనా. మీ చేలో మట్టి కిందికి దిగుతోంది కాబట్టి ఆ రెంటికీ తేడా కనబడుతుంది. సంచి మీద సర్వే నంబరు, తేదీ, లోతు రాయండి. కార్డులో ఏ పద్ధతిలో పరీక్ష చేశారో కూడా రాయించుకుంటే తర్వాత పోల్చుకోవచ్చు.

ఎర్రనేల_రైతు

వాలు పైన, కింద వేర్వేరుగా అంటే నాలుగు సంచులు. సరే సార్. తిరుపతికి పంపొచ్చా, అనంతపురంలోనే ఇవ్వాలా?

ల్యాబ్_లో_నేను

అనంతపురంలోనే ఇవ్వండి. మూడేళ్ల తర్వాత కూడా అదే ల్యాబ్‌కి ఇవ్వండి.